మెత్తనిదల్లా మంచిది కాదు: బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండి లెక్కలు

బేరియాట్రిక్ ఆపరేషన్, అంటే బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్, చేయించుకున్నవాళ్లకు రెండో వారంలో పల్చటి రాగిజావ బాగా పనికొస్తుంది. ఏడాదిన్నర గడిచాక అదే జావ పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగుతూ "అన్నం దాదాపు మానేశాను కదా, మరి బరువెందుకు పెరుగుతోంది?" అని అడిగేవాళ్లూ ఉంటారు. జావ అదే, మనిషీ ఆ మనిషే. ఈలోపు పొట్ట మారింది, ఒంటి అవసరం మారింది. ఏవి తినొచ్చు, ఏవి తినకూడదు అని ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించేస్తే పని అయిపోతుందనుకోవడం వల్లే చాలామంది ఇబ్బంది పడుతున్నారు. మెత్తగా ఉండి సులువుగా గొంతు దిగడం అనే గుణం మొదటి నెలలో ప్రాణం కాపాడుతుంది. ఏడాది దాటాక ఆ గుణమే కొంప ముంచుతుంది.

ఎందుకిలా అవుతుందో తెలియాలంటే ముందు లోపల ఏం జరిగిందో చూడాలి. ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్లు రెండు రకాలు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో పొట్టలో ముప్పాతిక వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో ఉండే సన్నటి గొట్టం. మొదట్లో అందులో పట్టేది సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లే. మామూలు పొట్టయితే భోజనం చేసినప్పుడు లీటరు దాకా, ఇంకా పైకి కూడా సాగుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారయ్యేది తీసేసిన ఆ భాగంలోనే కాబట్టి మొదటి నెలల్లో ఆకలి అన్న మాటే ఉండదు. గ్యాస్ట్రిక్ బైపాస్ కథ వేరు. 1960లలో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ అనే సర్జన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి తర్వాత చాలా మార్పులు చెందింది. పొట్ట పైభాగాన్ని సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిలా విడదీసి, చిన్నపేగులో కాస్త కిందికి కలుపుతారు. తిన్నది పేగు మొదటి భాగాన్ని తాకకుండానే ముందుకు వెళ్లిపోతుంది. ఇనుము, కాల్షియం ఒంటికి బాగా పట్టేది ఆ మొదటి భాగంలోనే. అంటే స్లీవ్‌లో ప్రధానంగా చోటు కరువు. బైపాస్‌లో చోటూ కరువే, తిన్నది ఒంటబట్టడమూ కరువే.

ఇంత చిన్న పొట్టలో రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ పడాలి. చాలామంది డాక్టర్లు 60 నుంచి 80 గ్రాములు చెబుతారు. బరువు వేగంగా తగ్గుతున్నప్పుడు ప్రొటీన్ అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. మన భోజనం పేచీ పెట్టేది ఇక్కడే.

అన్నం చుట్టూ కట్టిన భోజనం

తెలుగువాళ్ల విస్తట్లో అన్నమే అసలు. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్నీ ఆ అన్నాన్ని గొంతు దింపడానికి వరసగా వచ్చేవే. "పప్పు తిన్నాను" అంటే నిజానికి నాలుగు గరిటెల అన్నంలో ఒక గరిటె పప్పు కలుపుకున్నారని అర్థం. మామూలు పొట్టకు ఇది సరిపోతుంది. అన్నం రాశిగా పడితే దానితో పాటు కాస్త కాస్తగా ప్రొటీన్ కూడా చేరుతుంది. అరకప్పు మాత్రమే పట్టే పొట్టకు ఈ ఏర్పాటు అస్సలు కుదరదు. పప్పన్నం నాలుగు ముద్దలకే పొట్ట నిండిపోతే అందులో మూడు ముద్దలు అన్నమే. ఇక ఆ పూట ప్రొటీన్ మూడు, నాలుగు గ్రాములు దాటదు.

అందుకే ఆపరేషన్ తర్వాత భోజనం వరస తిరగబడాలి. ముందు గుడ్డో, చేపో, పనీరో, గట్టి పప్పో తినాలి. తర్వాత కూరగాయ. ఇంకా చోటుంటే రెండు చెంచాల అన్నం. డైటీషియన్లు అందరూ చెప్పే మాటే ఇది. కానీ దీన్ని "అన్నం మానెయ్యండి" అని ఒక్క ముక్కలో చెప్పేసరికి ఇంట్లోవాళ్లు అన్నం బదులు ఇడ్లీ, ఉప్మా, జావ పెట్టడం మొదలుపెడతారు. ఇడ్లీ ఒక్కటి తింటే వచ్చే ప్రొటీన్ రెండు గ్రాముల లోపే. రవ్వ ఉప్మా సంగతి చెప్పనే అక్కర్లేదు. అన్నాన్ని తీసేసి దాని తోబుట్టువుల్ని కూర్చోబెట్టినట్టే.

రాగిజావ మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. రాగుల్లో కాల్షియం ఎక్కువ అన్నది నిజం. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో 100 గ్రాముల రాగులకు దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం కనిపిస్తుంది. మరే ధాన్యంలోనూ అంత ఉండదు. అయితే గ్లాసు జావలో పడేది రెండు చెంచాల పిండి, అంటే సుమారు 20 గ్రాములు. అందులో కాల్షియం 70 మిల్లీగ్రాములు, ప్రొటీన్ గ్రామున్నర. ఆపరేషన్ అయినవాళ్లకు రోజుకు కావలసిన కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. జావ మంచిదే. కానీ "బలానికి" అని ఇచ్చే జావ ఆ పొట్టలో గుడ్డుకు దక్కాల్సిన చోటును తీసేసుకుంటుంది. పాలలో కలిపి, వెన్న తీసిన పాలపొడి రెండు చెంచాలు వేసి ఇస్తే లెక్క కొంత మారుతుంది.

మొదటి నెలన్నర

ఆపరేషన్ తర్వాత ఆహారం దశలుగా మారుతుంది. ఒక్కో ఆసుపత్రి లెక్క కొంచెం తేడాగా ఉంటుంది కానీ వరస మాత్రం ఇంచుమించు ఒకటే. ముందు పల్చటి, తేట ద్రవాలు. తర్వాత సుమారు రెండు వారాల దాకా పాలు, మజ్జిగ లాంటి చిక్కటి ద్రవాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి. ఐదో వారం నుంచి చెంచాతో నొక్కితే విరిగిపోయే మెత్తటి పదార్థాలు. రెండు నెలలు నిండేసరికి దాదాపు మామూలు తిండి. తొందరపడి ఒక దశ దాటేస్తే వాంతులు అవుతాయి. లోపల కుట్లు మానకముందే వాటి మీద ఒత్తిడి పడటం మంచిది కాదు. ఎవరి డాక్టరు ఇచ్చిన చార్ట్ వాళ్లదే. పక్కింటివాళ్లకు మూడో వారంలోనే ఇడ్లీ ఇచ్చారని మనమూ తినేస్తే కుదరదు.

తేట ద్రవాల దశలో మన వంటింట్లోనే మంచి సరుకుంది. మిరియాల చారు కాచి, కారం తగ్గించి, పల్చటి గుడ్డలో వడకడితే అంతకంటే కావలసింది లేదు. చింతపండు పులుపు కొందరికి మంట పెడుతుంది కాబట్టి తక్కువ వేయాలి. కొబ్బరినీళ్లు కాసిని నీళ్లు కలిపి ఇవ్వొచ్చు. ఎంత ఇస్తున్నాం అన్నదానికంటే ఎలా తాగుతున్నారన్నది ముఖ్యం. ఆసుపత్రిలో ఇచ్చే 30 మిల్లీలీటర్ల చిన్న కప్పునే ఇంటికి తెచ్చుకుని, పావుగంటకో కప్పు చొప్పున గుక్కగుక్కగా తాగాలి. ఇలా తాగుతూ ఉంటేనే రోజంతా కలిపి లీటరున్నర అవుతుంది. మనకు చెంబెత్తి గటగటా తాగే అలవాటు. ఆ అలవాటు ఇక పూర్తిగా పోవాల్సిందే. ఆపరేషన్ తర్వాత మొదటి వారాల్లో మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తేవాళ్లలో చాలామందికి ఉన్న సమస్య ఒంట్లో నీళ్లు తగ్గడమే.

పప్పు కట్టు విషయంలో ఒక అపోహ ఉంది. ఉడికిన కందిపప్పు మీద తేలే పల్చటి నీళ్లలోనే సారమంతా ఉందని పెద్దవాళ్లు అంటారు. తేట ద్రవాల దశలో కట్టు ఇవ్వడం సరైనదే. కానీ ప్రొటీన్ చాలావరకు అడుగున ఉన్న పప్పులోనే ఉండిపోతుంది. పాయా సూప్ కథా ఇలాంటిదే. మేక కాళ్లు గంటల తరబడి మరిగిస్తే వచ్చే ఆ చిక్కదనం జిలాటిన్. అదీ ప్రొటీనే. కానీ ఒంటికి తప్పనిసరిగా కావలసిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం అందులో ఉండదు. వెచ్చగా, కమ్మగా ఉంటుందని తాగొచ్చు. 60 గ్రాముల లెక్కలో మాత్రం దాన్ని వేసుకోకూడదు.

మరి మొదటి వారాల్లో ఆ లెక్క ఎలా తీరుతుంది? ఎక్కువమందికి ప్రొటీన్ పౌడర్ తప్పదు. కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్ల వెంట పడొద్దని 2024లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), జాతీయ పోషకాహార సంస్థ కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అది చూసి కొందరు ఆపరేషన్ అయినవాళ్లకు కూడా పౌడర్ మాన్పించేస్తారు. ఆ సలహా మామూలు పొట్ట ఉన్న మామూలు జనానికి. ఆపరేషన్ అయినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు డాక్టరు చెప్పిన కొలతే వర్తిస్తుంది. ఇక కలిపే పద్ధతి. పాల విరుగుడు నీళ్ల నుంచి తీసే వే ప్రొటీన్‌ పొడిని పొగలు కక్కే పాలలో వేస్తే విరిగి ఉండలు కడుతుంది. ఆ ఉండలు చూసి, ఆ వాసన పీల్చి చాలామంది డబ్బా పక్కన పడేస్తారు. ముందు రెండు చెంచాల చల్లటి పాలలో పౌడర్‌ను పేస్టులా కలిపి, ఆ తర్వాత గోరువెచ్చటి పాలు కొద్దికొద్దిగా పోస్తే నునుపుగా వస్తుంది. తియ్యటి వెనిల్లా రుచి వెగటు పుడితే రుచి కలపని పౌడర్ తెచ్చుకుని, పల్చటి మజ్జిగలో ఉప్పు, జీలకర్ర పొడి వేసి కలుపుకోవచ్చు. మన నాలుకకు అదే బాగుంటుంది.

మెదిపినవాటి దశలో కోడిగుడ్డు అన్నిటికన్నా అక్కరకొస్తుంది. పూర్తిగా ఉడికిన గుడ్డు పొడిపొడిగా ఉండి గుండెల దగ్గర పట్టేసినట్టవుతుంది. తక్కువ మంట మీద కాసిని పాలు పోసి కలుపుతూ దగ్గరికి తీసిన మెత్తటి పొరటు అయితే హాయిగా దిగుతుంది. ఆపరేషన్ తర్వాత కొందరికి గుడ్డు వాసనే పడదు. నెల తర్వాత మళ్లీ ప్రయత్నిస్తే చాలామందికి సరిపోతుంది. పనీరును చేత్తో నలిపి పెరుగులో కలపొచ్చు. ముళ్లు తీసిన కొరమీను ముక్క చెంచా వెనకవైపుతో నొక్కితే పొరలుపొరలుగా విడిపోతుంది. పులుసు కారం తగ్గించి వండితే చికెన్ కంటే చేపే ముందు మొదలుపెట్టడం మేలు. చికెన్ బ్రెస్ట్ ప్రొటీన్ లెక్కల్లో అందరికంటే ముందుంటుంది కానీ, పొడారిపోయి పీచుగా అయిన ముక్క ఆ సన్నటి గొట్టంలో ఇరుక్కుంటే నరకమే. కీమా కొట్టించి గ్రేవీతో వండుకుంటే ఇబ్బంది తక్కువ. నాటుకోడి, ముదురు మేకమాంసం కొన్ని నెలలు ఆగాల్సిందే.

ఇరుక్కోవడం, నురగ, వాంతి

అన్నం, చపాతీ, బ్రెడ్ కొత్తగా మొదలుపెట్టినప్పుడు చాలామందికి ఒక అనుభవం ఎదురవుతుంది. రెండో ముద్దకే ఛాతీ మధ్యలో బరువు, నోట్లో నీళ్లు ఊరడం, కాసేపటికి తెల్లటి నురగ వాంతి. తిన్నది పొట్ట మొదట్లోనే ఆగిపోయిందని దాని అర్థం. మెత్తటి బ్రెడ్, దిబ్బరొట్టె, జిగురుగా ఉండే కొత్త బియ్యపు అన్నం, మైదా పూరీ నమిలే కొద్దీ ముద్ద కట్టుకుంటాయి. చూడ్డానికి మెత్తగానే ఉంటాయి. పెసరట్టు వాటికంటే గరుకుగా ఉన్నా, బాగా నమిలితే రవ్వరవ్వగా విడిపోతుంది. గుప్పెడు పెసల పిండితో పోసిన ఒక్క అట్టులో ఎనిమిది, తొమ్మిది గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మన టిఫిన్లన్నిటిలో ఆపరేషన్ అయినవాళ్లకు దీనికి సాటి వచ్చేది లేదు. మూడో నెలలో పెసరపప్పుతో మొదలుపెట్టి, పొట్టు పెసలకు నిదానంగా వెళ్తే మంచిది. లోపల ఉప్మా పెట్టకపోతే చాలు.

ముద్ద చిన్నదిగా, వేలి గోరంత ఉండాలి. ఇరవై, ముప్పై సార్లు నమలాలి. పెద్ద కంచం తీసేసి చిన్న ప్లేటు, టీ చెంచా వాడితే చెయ్యి దానంతటదే అదుపులో ఉంటుంది. చేత్తో కలుపుకుని తినే మనకు చెంచా కొంత విసుగే. కానీ చేతి ముద్ద కొలత ఏళ్ల తరబడి పాత పొట్టకు అలవాటుపడింది. ఎంత వద్దనుకున్నా అది చిన్నదవ్వదు.

తింటూ నీళ్లు తాగడం మరో పెద్ద చిక్కు. తిన్న తర్వాత అరగంట దాకా నీళ్లు ముట్టుకోవద్దని చెబుతారు. నీళ్లు తోడైతే తిన్నది పల్చబడి త్వరగా కిందికి జారిపోతుంది, లేదంటే చోటు చాలక పైకి తన్నుతుంది. కారం తినే ఇళ్లలో ఈ నియమం పాటించడం కష్టం. ఆవకాయ ముక్క నాలుకకు తగలగానే చెయ్యి గ్లాసు వైపు పోతుంది. అందుకే మొదటి రెండు, మూడు నెలలు పచ్చళ్లు, కారప్పొడులు పక్కన పెట్టమంటారు. కారం విషమేమీ కాదు, తర్వాత కాస్త నంజుకోవచ్చు. భోజనం చివర మజ్జిగ పోసుకోవడం కూడా ద్రవం కిందికే వస్తుంది. గట్టి పెరుగు చెంచాతో తినడం వేరు, మజ్జిగ తాగడం వేరు. మజ్జిగను భోజనానికీ భోజనానికీ మధ్యకు మార్చుకోవాలి.

అప్పుడప్పుడు ఒక వాంతి అయితే తొందరగా తిన్నామనో, సరిగ్గా నమల్లేదనో అనుకోవచ్చు. రెండు, మూడు రోజులు ఆగకుండా వాంతులవుతుంటే మాత్రం ఇంటి చిట్కాలతో కూర్చోకూడదు. థయమిన్ అనే బి1 విటమిన్ నిల్వలు ఒంట్లో కొద్ది వారాలకే సరిపోతాయి. అవి అడుగంటితే చూపు మసకబారడం, నడక తూలడం, తికమక పడటం మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకు జరిగే నష్టం శాశ్వతంగా ఉండిపోవచ్చు. అలాంటి స్థితిలో దగ్గర్లోని క్లినిక్‌కి వెళ్లి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకోవడం మనకు మామూలే. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా ముదురుతుంది. ఎక్కడికెళ్లినా "బరువు తగ్గే ఆపరేషన్ అయింది" అన్న మాట ముందుగా చెప్పాలి. ఆపరేషన్ సంగతి చుట్టాల దగ్గర దాచుకున్నా డాక్టరు దగ్గర దాచకూడదు.

తీపి తిన్నాక చెమటలు

బైపాస్ అయినవాళ్లు పెళ్లి భోజనంలో ఒక బొబ్బట్టు, రెండు చెంచాల పాయసం తిన్నారనుకుందాం. పది నిమిషాల నుంచి అరగంట లోపు గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనం, ఎక్కడైనా పడుకోవాలనిపించేంత నీరసం. దీన్ని డంపింగ్ అంటారు. చిక్కటి చక్కెర ఒక్కసారిగా పేగులోకి పడటంతో ఒంట్లోని నీరంతా అటు లాగినట్టవుతుంది. ఇంకో రకం గంట నుంచి మూడు గంటల తర్వాత వస్తుంది. వేగంగా ఎక్కిన చక్కెరకు ఒళ్లు అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. దాంతో షుగర్ పడిపోయి చేతులు వణుకుతాయి. స్లీవ్‌లో ఇది తక్కువే కానీ అసలు రాదని కాదు.

ఇందులో మన వాళ్లు రెండు చోట్ల పొరపడతారు. బెల్లం, తేనె, ఖర్జూరం "నేచురల్" కాబట్టి ఫరవాలేదనుకోవడం మొదటిది. పేగుకు ఆ తేడా తెలియదు. అరిసె బెల్లంతో చేసినా డంపింగ్ వస్తుంది. బంగినపల్లి రసం, చెరకు రసం కూడా అంతే. మామిడి కావాలనిపిస్తే రెండు ముక్కలు, అదీ ప్రొటీన్ తిన్న తర్వాత, నమిలి తినాలి. రెండోది ఇంకాస్త ఇబ్బందికరం. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లకు చేతులు వణికితే చాక్లెట్ నోట్లో వేసుకోవడం అలవాటు. ఆ క్షణానికి అది సరే. కానీ మళ్లీ ఇన్సులిన్ ఎగబాకి, మళ్లీ షుగర్ పడిపోయి, మళ్లీ చాక్లెట్. ఇలా రోజుకు నాలుగు సార్లు తిని బరువు పెంచుకున్నవాళ్లు ఉంటారు. ఆ వణుకు రాకుండా చూసుకునే దారి పూటపూటా ప్రొటీన్ తినడం, కొంచెం కొంచెంగా ఎక్కువ సార్లు తినడం. ఆపరేషన్ తర్వాత షుగర్ లెవెల్స్ రోజుల్లోనే దిగిపోతాయి కాబట్టి పాత మోతాదులో షుగర్ మందులు వేసుకోవడం కూడా ప్రమాదమే. ఆ మార్పు డాక్టరే చేయాలి.

ఏడాది తర్వాత

మొదటి పన్నెండు, పద్దెనిమిది నెలలు బరువు దాదాపు దానంతటదే తగ్గుతుంది. ఆ తర్వాత ఆకలి తిరిగి వస్తుంది, పొట్టలో కాస్త ఎక్కువ పడుతుంది, తగ్గడం ఆగుతుంది. తిండి ఎంపికకు అసలు పరీక్ష అప్పుడే. ఇప్పుడు ఉడకబెట్టిన సెనగలు, గ్రిల్ చేసిన చికెన్, బీరకాయ కూర, పచ్చి కీర తింటే ఐదారు చెంచాలకే నిండినట్టవుతుంది, మూడు గంటలు ఆకలి వెయ్యదు. కాస్త గట్టిగా ఉన్న తిండి ఆ చిన్న పొట్టలో కాసేపు ఆగుతుంది. ఆపరేషన్ పనిచేయడానికి అలా ఆగడం ఒక ముఖ్యమైన కారణం.

మురుకులు, చేగోడీలు, మిక్చర్, బిస్కట్ అలా కాదు. కరకరలాడినా నోట్లో పడగానే పొడైపోయి, టీతో కలిసి జావలా జారిపోతాయి. పొట్ట నిండిన కబురు మెదడుకు అందేలోపే పేగులోకి వెళ్లిపోతాయి. రెండు చపాతీలు తినలేని మనిషి టీవీ చూస్తూ పావు కిలో జంతికలు తినేయగలగడం అందుకే. ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, సగ్గుబియ్యం జావ, పెరుగన్నం మిక్సీలో కొట్టి తాగడం అన్నీ ఈ కోవలోవే. మొదటి నెలల్లో గట్టి తిండి తింటే వాంతి అయిన భయం ఉంటుంది కాబట్టి చాలామంది మెత్తటివాటి దగ్గరే ఆగిపోతారు. ఇంట్లోవాళ్లు కూడా "పాపం, ఏం తింటున్నాడు, కనీసం ఈ బాదం పాలైనా తాగనివ్వండి" అంటారు. ఆ పాపం అనే మాటకు ఉన్న కేలరీలు ఎవరూ లెక్కపెట్టరు. గట్టి తిండి తింటే నొప్పి వస్తుందని మెత్తటివే తినేవాళ్లు డాక్టరుకు చూపించుకోవాలి. పొట్ట గొట్టం ఎక్కడైనా సన్నబడి ఉండొచ్చు, లేదా నమలడం చాలకపోవచ్చు. రెంటికీ దారి ఉంది.

గట్టిది అన్నాం కదా అని పీచున్నదంతా మంచిదనుకోనక్కర్లేదు. బత్తాయి తొనల మీది తొక్క, చెరకు, తేగలు, ములక్కాడ పిప్పి, ముదురు కొబ్బరి సరిగ్గా నమలకుండా మింగితే లోపల ఉండ కట్టి అడ్డుపడే అవకాశం ఉంది. తాటి ముంజలకు ఆ బాధ లేదు. బైపాస్ అయినవాళ్లకు కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి ఆక్సలేట్ ఎక్కువుండే పాలకూర, గోంగూర రోజూ వండుకోవడం తగ్గించి, నీళ్లు బాగా తాగాలి.

శాకాహారుల లెక్క వేరుగా వేసి చూడాలి. పొద్దున ఒక పెసరట్టు 9 గ్రాములు, 50 గ్రాముల పనీర్ 9, గ్లాసు పాలు 6 పైన, చిన్న గిన్నె గట్టి పప్పు 7, గుడ్డలో మూటకట్టి నీరు దింపిన పెరుగు 100 గ్రాములు ఆరేడు, ఎండు మీల్ మేకర్ 20 గ్రాములు నానబెట్టి వండితే 10. ఇవన్నీ తినగలిగినా 48 దగ్గర ఆగుతుంది. ఒక స్కూప్ పౌడర్ కలిస్తేనే 70 దాకా వెళ్తుంది. గుడ్డు, చేప తినేవాళ్లకు పౌడర్ లేకుండా గట్టెక్కడం ఆరు నెలల తర్వాత సాధ్యమే. శాకాహారులకు ఎక్కువ కాలం తప్పదు. పెరుగును రాత్రంతా మూటకట్టడం చాదస్తం అనిపించవచ్చు కానీ నీరు కారిపోయాక అదే చెంచాలో ప్రొటీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న తెలుగువాళ్లకు అక్కడి ఆసుపత్రులు ఇచ్చే కాగితంలో గ్రీక్ యోగర్ట్, కాటేజ్ చీజ్, ట్యూనా కనిపిస్తాయి. ఇక్కడివాళ్ల కాగితాల్లోనూ ఓట్స్, కినోవా, అవకాడో దర్శనమిస్తుంటాయి. అవేవీ దొరక్కపోయినా నష్టం లేదు. మూటకట్టిన పెరుగు, నలిపిన పనీరు, ముళ్లు తీసిన చేప ఆ పనే చేస్తాయి.

శనివారం ఉపవాసం, కార్తీక సోమవారాలు, రంజాన్ రోజాలు మొదటి ఏడాది పెట్టుకోకపోవడమే మేలు. నీళ్లు లేకుండా గంటల తరబడి ఉండటం ఈ ఒంటికి మామూలు కంటే ఎక్కువ భారం. ఆ తర్వాత కూడా డాక్టరుతో మాట్లాడాకే. రంజాన్ నెలలో హలీం గురించి చాలామంది అడుగుతారు. మాంసం, గోధుమ మెత్తగా ఉడికి కలిసిపోయిన వంటకం కాబట్టి ప్రొటీన్ ఉంది, గొంతూ దిగుతుంది. పైన తేలే నెయ్యితోనే తంటా. నెయ్యి వంచేసి చిన్న కప్పు వరకైతే తినొచ్చు.

మందు సంగతి కూడా చెప్పుకోవాలి. బైపాస్‌లోనూ స్లీవ్‌లోనూ ఆల్కహాల్ రక్తంలోకి వేగంగా ఎక్కుతుంది. ఒకప్పుడు రెండు పెగ్గులకు ఏమీ కానివాళ్లకు ఇప్పుడు ఒకటికే తూలుతుంది. సోడా, కూల్‌డ్రింక్ గ్యాస్ పొట్టను ఉబ్బిస్తుంది కాబట్టి అవీ మానాలి.

ఎంత జాగ్రత్తగా తిన్నా విటమిన్ మాత్రలు జీవితాంతం వేసుకోవాల్సిందే. బరువు తగ్గాక, ఒళ్లు తేలికపడ్డాక మొదట మానేసేది వీటినే. మూడో నెల నుంచి ఆరో నెల మధ్య జుట్టు ఊడుతుంది. దానికి బయోటిన్ అనే విటమిన్ సీసాలు కొంటారు కానీ ఎక్కువగా కారణం వేగంగా బరువు తగ్గడం. ప్రొటీన్, ఇనుము, జింక్ తక్కువైతే అది ఇంకా పెరుగుతుంది. ఐరన్ మాత్రను టీ, కాఫీతో వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసంతో వేసుకుంటే పడుతుంది. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. ఆమ్లం తగ్గిన పొట్టకు కాల్షియం కార్బొనేట్ కంటే సిట్రేట్ నయం. పిల్లల కోసం అనుకునే ఆడవాళ్లను 12 నుంచి 18 నెలలు ఆగమంటారు, కడుపులో బిడ్డకు చాలినంత పోషణ తల్లి ఒంట్లో నిలబడాలి కాబట్టి. బి12 లోటు బయటపడటానికి కొన్నేళ్లు పడుతుంది. కాళ్లు తిమ్మిర్లెక్కడం, మతిమరుపు లాంటివి వయసు మీద తోసేస్తారు. రక్తపరీక్ష చేయించుకుంటే తెలిసిపోయే విషయం అది. మొదటి ఏడాది మూడు, ఆరు, పన్నెండు నెలలకు, ఆ తర్వాత ఏటా ఒకసారి హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే పరీక్ష), బి12, విటమిన్ డి, కాల్షియం చూపించుకోవాలి.